టోకెన్ చేతిలో పెట్టుకొని కచేరీ వినే ఊరు

తిరుపతిలో సంగీత కచేరీ వినడానికి టికెట్టు కొనవలసిన అవసరం దాదాపుగా రాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నమాచార్య కళామందిరంలోనైనా, మహతి ఆడిటోరియంలోనైనా సాయంత్రం కార్యక్రమం ఉన్నప్పుడు తలుపులు తెరిచే ఉంటాయి. వచ్చినవారు ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంటారు, వెళ్లాలనిపించినప్పుడు లేచి వెళ్తారు. తమిళుల మార్గళి నెలలో చెన్నై సంగీత సభలకు అలవాటుపడినవారికి, ముందే టికెట్టు తీసుకొని, ఎవరి తరువాత ఎవరు పాడతారో వారాల ముందే తెలుసుకొని, కచేరీకీ కచేరీకీ మధ్య క్యాంటీనులో కాఫీ తాగేవారికి, ఇది కొంత వింతగానే ఉంటుంది. మా ఊళ్లో కచేరీ వినే వారిలో చాలామంది ఆ కచేరీ కోసం రైలెక్కి వచ్చినవారు కారు. వారు వచ్చింది కొండ మీది స్వామి కోసం. చేతిలో దర్శనం టోకెన్ ఉంటుంది, దాని మీద రేపటి తేదీ ఉంటుంది, ఈ రోజు సాయంత్రం మాత్రం చేయడానికి ఏ పనీ ఉండదు. అలా లోపలికి వచ్చి కూర్చున్నవారి ఎదుటనే మా ఊళ్లో పెద్ద పెద్ద విద్వాంసులు కూడా పాడవలసి ఉంటుంది. ఈ ఊరి కచేరీకి ఉన్న ప్రత్యేకత అంతా అందులోనే ఉందని నా అభిప్రాయం.

ఈ మధ్య మా ఇంట్లో శుభకార్యానికని మా బావగారు చెన్నై నుంచి వచ్చారు. పుట్టింది చిత్తూరులోనే అయినా ఉద్యోగమంతా మైలాపూరు చుట్టుపక్కలే గడిచింది కాబట్టి సంగీతం విషయంలో ఆయన తీర్పులన్నీ అక్కడి సభల కొలతల మీదనే ఉంటాయి. "మీ తిరుపతిలో భక్తి ఉందయ్యా, కచేరీ లేదు" అని ఆయన ఎప్పుడూ అనే మాట. ఆ మాటకు నోటితో సమాధానం చెప్పడం కంటె ఒక సాయంత్రం ఆయనను నడిపించి చూపించడమే మేలనిపించింది. పాత ఊరి వీధుల గుండా నడిచి, కళామందిరంలో కచేరీ విని, రాత్రికి ఇల్లు చేరాలన్నది మా ఏర్పాటు.

రైల్వే స్టేషను నుంచి బయటికి వచ్చి గోవిందరాజస్వామి గుడి వైపు తిరిగితే మొదట కనిపించేది గాలిగోపురమే. 17వ శతాబ్దంలో మట్ల రాజులు కట్టించిన గోపురం అది. గుడి అంతకంటె చాలా పాతది. 1130 ప్రాంతంలో రామానుజాచార్యులవారు ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారనీ, ఆ గుడి చుట్టూ ఊరు పెరిగిందనీ సంప్రదాయం చెబుతుంది. అంటే ఈ మాడవీధులు ఊరికి పుట్టినిల్లు. ఇప్పుడు ఆ వీధుల్లో ఇత్తడి సామాన్ల దుకాణాలు, తులసి పూసల దండలు, పసుపు కుంకుమల పొట్లాలు, మాధవమాల నుంచి వచ్చే కొయ్యబొమ్మలు, ప్లాస్టిక్ గాజులు, స్వామివారి పటాలు అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. దుకాణదారుడు ఒకే వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించి, ధర చెప్పేటప్పటికి కన్నడంలోకి దిగుతాడు. గుండు మీద గంధం ఇంకా తడిగా ఉన్న కుటుంబాలు, తాత నుంచి మనవడి దాకా అందరూ ఒకే తీరుగా మెరిసే తలలతో, చెప్పుల కోసమో టోపీల కోసమో బేరమాడుతుంటారు.

ఈ వీధులకు ఒక శబ్దం ఉంది. తెల్లవారుజామున అది ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం, 1963లో రికార్డయిన ఆ గొంతు ఈనాటికీ టీ దుకాణాల్లోనూ, లాడ్జి గుమ్మాల్లోనూ పొద్దున మొదట వినిపించే గొంతు. సాయంత్రానికి ఆ చోటును ఆటోల హారన్లు ఆక్రమిస్తాయి. వాటి మధ్యనే గుడి లోపలి నుంచి నాదస్వరం వినిపించింది. బావగారు మాట ఆపి నిలబడ్డారు. "కల్యాణి" అన్నారు, నాకు కాదు, తనకు తాను రాగం పేరు చెప్పుకొన్నట్టుగా.

గుడిలోకి వెళ్లి చూస్తే మేళం వాయించేవారు నలుగురే. నాదస్వరం, డోలు, తాళం, శ్రుతి. నాదస్వరం వాయించే పెద్దాయన కొంతసేపు ఆగి, నోట పెట్టుకొనే రెల్లు పీకను తీసి, నాలుకతో తడిపి, వెలుతురుకు ఎత్తి చూసి, నచ్చక పక్కన పెట్టారు. వాద్యానికి దారంతో వేలాడుతున్న మరి రెండు మూడు పీకలలో ఒకదానిని ఎంచుకొని, అదే దారానికి కట్టిన సన్నని పుల్లతో దాని నోరు సవరించి, బిగించి, ఒక్క స్వరం ఊదారు. చాలలేదు. మళ్లీ తీసి, మళ్లీ సవరించారు. ఈ పని జరుగుతున్నంతసేపూ డోలు వాయించే కుర్రవాడు తన కుడిచేతి వేళ్లకు తొడుక్కున్న గుడ్డ తొడుగులను ఒకటొకటిగా నొక్కి చూసుకుంటున్నాడు. గుడ్డను పిండి జిగురుతో చుట్టి ఎండబెట్టగా రాయిలాగా గట్టిపడిన తొడుగులవి. కుడివైపు వాటితోనూ, ఎడమవైపు పొట్టి కర్రతోనూ వాయిస్తారు. ఆ వాద్యాన్ని నాలుగు గోడల మధ్య దగ్గర కూర్చొని వింటే చెవులు గింగురుమంటాయి. అది గది కోసం పుట్టిన వాద్యం కాదు. రాతి ప్రాకారాల మధ్య, వీధి మలుపుల్లో, వేలమంది నడుస్తుండగా చివరివాడికి కూడా వినబడాలని పుట్టింది.

ఆ మాట నిజమని తెలియాలంటే వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో ఈ మాడవీధుల్లో నిలబడాలి. వాహనం కదిలేముందు మేళం వారు మల్లారి ఎత్తుకుంటారు. మల్లారికి సాహిత్యం ఉండదు; గంభీరనాట రాగంలో తాళం మీద నడిచే స్వరాల వరుస అది. స్వామి బయలుదేరుతున్నాడని ఊరికి చెప్పే కబురు అది. తరువాత వాహనం ఎంత నడిస్తే కచేరీ అంత నడుస్తుంది. హారతి కోసం ఒక ఇంటి ముందు ఆగితే ఆలాపనకు వ్యవధి దొరుకుతుంది; కదలమని కేక వినబడితే రాగం ఎంత బాగా సాగుతున్నా మడిచిపెట్టి ముందుకు నడవవలసిందే. విద్వాంసుడి ఇష్టానికి ఇక్కడ కాలం లొంగదు, స్వామి నడకకు విద్వాంసుడే లొంగుతాడు. ముందు కోలాటం వారు, భజన బృందాలు, వెనుక వేదపారాయణం గోష్ఠి, నడుమ నాదస్వరం, ఎవరికి వారు తమ శ్రుతిలోనే ఉంటారు, ఎవరూ ఎవరికీ అడ్డు రారు. సభలో కూర్చొని వినడానికి అలవాటుపడిన మా బావగారివంటి వారికి దీనిని కచేరీ అనడానికి మనసొప్పదు. నాకు మాత్రం ఈ ఊరిలో అతి పాత సంగీత వేదిక ఈ నాలుగు వీధులే అనిపిస్తుంది.

అదే వీధుల్లో వేసవి ఎండలకు మరొక సంగీతం కూడా దిగుతుంది. ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం ఒక్కొక్క రోజు ఒక్కొక్కటిగా కట్టిన మగవారు, ఆడవేషాలు కట్టిన మగవారు, పంబలనే డోళ్ల మోత మీద ఊరంతా తిరుగుతారు. ఆ మోతలో రాగం వెతికితే దొరకదు. కాని నాదస్వరం ఎంత ఈ ఊరిదో పంబ కూడా అంతే ఈ ఊరిది. ఊరి సంగీతం గురించి రాసేవారు చాలామంది గంగమ్మ గుడి దాకా రాకుండా గోవిందరాజస్వామి గుడి దగ్గరే ఆగిపోతారు. నాకది సరి కాదనిపిస్తుంది.

దీపాలు వెలిగే వేళకు కళామందిరం చేరాము. బయట నోటీసు బోర్డు మీద ఆ సాయంత్రపు కళాకారుల పేర్లున్నాయి. ఆ పేర్లు చదివి లోపలికి వచ్చేవారు కొందరే. మిగిలినవారు లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయని చూసి వస్తారు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. ఉచిత సర్వదర్శనం టోకెన్లను దేవస్థానం వారు ఊళ్లోనే ఇస్తారు. రైల్వే స్టేషను ఎదుట విష్ణునివాసంలో, బస్టాండు ఎదుట శ్రీనివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులో కౌంటర్లున్నాయి. తెల్లవారకముందే వరుసలో నిలబడి టోకెన్ అందుకొన్న కుటుంబానికి కొండ ఎక్కవలసిన సమయం దాకా గంటల కొద్దీ ఖాళీ ఉంటుంది. గోవిందరాజస్వామి దర్శనం అవుతుంది, తిరుచానూరు అమ్మవారి దర్శనం అవుతుంది, కపిలతీర్థం అవుతుంది, పిల్లలకు బొమ్మలు కొనడం అవుతుంది, ఇంకా సాయంత్రమే అయి ఉంటుంది. అప్పుడు కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి నీళ్లు ఉండి, డబ్బులు అడగని చోటు ఒకటి కనబడితే వదులుకొనేవారెవరు?

మా వరుసలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చున్నారు. టోకెన్‌ను చేతిరుమాలులో చుట్టి, రుమాలును కొంగున ముడివేసి, ఆ ముడిని పిడికిట్లో పట్టుకొని ఉన్నారు. కచేరీ మొదలు కాకముందే నన్ను "ఎన్ని గంటలకు అయిపోతుంది నాయనా?" అని అడిగారు. తొమ్మిదిలోపే అయిపోతుందమ్మా అన్నాను. "ఏం పాడతారు?" అన్నారు. అన్నమయ్య కీర్తనలు అన్నాను. ఆ మాటతో ఆవిడ ముఖం విప్పారింది. కర్ణాటక సంగీతం అని చెప్పి ఉంటే ఆ ముఖం అలా విప్పారేదా అన్నది నాకు అనుమానమే.

వేదిక మీద మృదంగం వాయించే యువకుడు బొంబాయి రవ్వను నీళ్లతో తడిపిన ముద్దను ఎడమ మూత నడుమ గుండ్రంగా అద్దుతున్నాడు. కొంచెం అద్ది, అరచేత్తో ఒకసారి తట్టి, విని, గోటితో అంచు నుంచి చిటికెడు గీకి తీసి, మళ్లీ తట్టాడు. కావలసిన బరువు దొరికిన తరువాత కుడివైపు తిప్పి, చిన్న రాతితో అంచును కొడుతూ తంబూర శ్రుతికి కలిపాడు. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు వాళ్ల నాన్నను "రిపేరు చేస్తున్నాడా?" అని అడగడం మాకు వినబడింది. బావగారు నవ్వాపుకోలేకపోయారు.

గాయని మొదట వర్ణం పాడలేదు. చెన్నైలో అయితే వర్ణంతో మొదలుపెట్టి, ఒక వినాయక కృతి పాడి, తరువాత నెమ్మదిగా ప్రధాన రాగం వైపు నడుస్తారు. ఇక్కడ ఆమె వేగంగా నడిచే సంకీర్తనతోనే మొదలుపెట్టి, హాలు కుదురుకొనేదాకా అటువంటివే రెండు పాడి, అప్పుడు గాని ఆలాపనకు దిగలేదు. బావగారు దీనిని లోపంగా లెక్కవేశారని ఆయన ముఖమే చెప్పింది. నాకు అది లోపంగా తోచలేదు. తలుపు తెరిచి ఉన్న హాలులో, బస్సు వేళలు మనసులో పెట్టుకొని కూర్చున్నవారి ముందు, మొదటి పది నిమిషాల్లో వారిని కుర్చీలో నిలబెట్టగలగడం ఒక విద్య. ఆ విద్య రానివారు ఎంత గొప్ప స్వరజ్ఞానులైనా ఇక్కడ ఖాళీ కుర్చీలకు పాడవలసి వస్తుందని చాలాసార్లు చూశాను.

మూడో పాట సగంలో ఉండగా బావగారు నా వైపు వంగి, "ఈ బాణీ ఎవరిదయ్యా? నేను విన్నది ఇది కాదే" అన్నారు. తిరుపతిలో కచేరీ వినేవారు తరచుగా అడిగే ప్రశ్న అదే. త్యాగరాజస్వామి కృతి అయితే ఈ ప్రశ్న పుట్టదు. శిష్య పరంపరల మధ్య పాఠాంతరాలు ఉన్నా రాగం, నడక గురుముఖంగా వచ్చినవే. అన్నమయ్య విషయం అలా కాదు. తాళ్లపాకలో 1408లో పుట్టి 1503 దాకా జీవించిన ఆయన ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోనే సంకీర్తన భాండారమనే చిన్న గదిలో భద్రపరిచారు. రేకులు రెండు వేలకు పైనే దొరికాయి, వాటి మీది సంకీర్తనలు పన్నెండు వేలకు పైబడ్డాయి. రేకు మీద పాట ఉంటుంది, పాట పైన రాగం పేరు ఉంటుంది. స్వరం ఉండదు. పాడేవారి వరుస తెగిపోయింది కాబట్టి, ఆ రాగాన్ని ఆనాడు ఎలా పాడారో చెప్పగల గొంతు మిగలలేదు.

ఆ మాటలకు మళ్లీ పాటను ఇచ్చిన పని చాలావరకు తిరుపతిలోనే జరిగింది. శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు రేకుల మీది సాహిత్యాన్ని పరిశోధించి, పరిష్కరించి, లోకానికి అందించారు. ఆయన 1950లో కన్నుమూశాక ఆ పనిని అందుకొన్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు స్వయంగా సంగీత విద్వాంసులు కావడం మా ఊరి అదృష్టం. మైసూరులో ఎన్నో ఏళ్లు తెలుగు పాఠం చెప్పి వచ్చిన ఆ పెద్దాయన సంకీర్తనలకు స్వరాలు కట్టి, నొటేషను రాసి అచ్చుకు ఇచ్చారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. సాహిత్య విమర్శకుడిగా ఆయన పేరు తెలిసినవారికి కూడా ఈ సంగతి ఒక్కొక్కసారి తెలియదు.

1978లో దేవస్థానం వారు అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించడంతో ఈ పని ఇద్దరు ముగ్గురు పండితుల చేతుల్లో నుంచి ఒక సంస్థ చేతుల్లోకి వచ్చింది. స్వరకల్పన, రికార్డింగు, ఊరూరా ప్రచారం అన్నీ అందులో భాగమయ్యాయి. నెదునూరి కృష్ణమూర్తిగారి బాణీలు శాస్త్రీయ కచేరీకి సరిపోయే నిండుతనంతో వచ్చాయి. రేవతి రాగంలో ఆయన కట్టిన ‘నానాటి బతుకు’ను ఇప్పుడు అన్నమయ్యే అలా పాడాడని నమ్మేవారున్నారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారి బాణీలు దానికి భిన్నం. అవి గొంతు సాధన లేనివాడు కూడా రెండోసారి వినగానే కలిసి పాడగలిగినవి, ఇళ్లలో పూజగది దాకా వెళ్లినవి. ఆయన 2025 మార్చిలో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఇక ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు 1979, 1980 సంవత్సరాల ప్రాంతంలో వచ్చి, తెలుగు రాని ఇళ్లకు కూడా అన్నమయ్యను చేర్చాయి. ఊరు ఆ ఋణాన్ని మరవలేదు. 2006లో పూర్ణకుంభం కూడలిలో ఆమె కాంస్య విగ్రహాన్ని నిలిపింది. సినిమా నటులకూ, రాజకీయ నాయకులకూ విగ్రహాలు పెట్టే మన రాష్ట్రంలో, నాలుగు రోడ్ల కూడలిలో ఒక గాయనికి చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

ఇదంతా నేను బావగారికి కచేరీ నడుమ చెప్పలేదు. విరామంలో కొంతా, దారిలో కొంతా చెప్పాను. పాత సాహిత్యానికి ఇలా కొత్తగా బాణీలు కట్టడం వల్ల జరిగిందేమంటే, ఇక్కడి శ్రోతలు బాణీల విషయంలో మహా పట్టింపు గలవారయ్యారు. ఒకే సంకీర్తన రెండు మూడు బాణీల్లో చలామణిలో ఉంటుంది. రేకు మీద ఒక రాగం పేరు ఉంటుంది, హాలులో మరొక రాగం వినబడుతుంది. రేకు మీది రాగంలోనే కట్టాలనేవారు ఒక పక్షం, ఆ రాగపు స్వరూపమే ఆనాటికీ ఈనాటికీ మారిపోయి ఉండవచ్చు కాబట్టి పేరుకు కట్టుబడి లాభం లేదనేవారు మరొక పక్షం. నా మొగ్గు రెండో పక్షం వైపే. ఐదు వందల ఏళ్ల నాటి మాటకు మన కళ్ల ముందు పుట్టిన పాట అతుక్కుంటుందా లేదా అన్నది వినేవారే తేల్చాలి, ఆ తేల్చే పని జరిగే చోట్లలో ఈ కళామందిరం ఒకటి. నెల్లూరు పెద్దావిడ కొన్ని పాటలకు చప్పుడు లేకుండా పెదవులు కదిపారు, కొన్నింటికి కదపలేదు. విమర్శకులు రాసే వ్యాసాల కంటె ఆ పెదవుల లెక్కే నాకు నమ్మకంగా కనిపిస్తుంది.

కచేరీలో నచ్చని సంగతులు లేకపోలేదు. మైకు శబ్దం అవసరానికి మించి పెంచడం మన హాళ్లన్నింటికీ పట్టిన జబ్బు. వయొలిను మీద కమాను తిరిగే మెత్తదనం ఆ హోరులో ఎక్కడికో పోతుంది. మధ్యలో వేదిక మీదికి నలుగురు వచ్చి శాలువాలు కప్పి, ఒకరిని గురించి ఒకరు మాట్లాడి దిగేసరికి గాయని వేడెక్కించిన రాగం చల్లారిపోయింది. పాట ఆగి మృదంగం ఒక్కటే వినిపించే తని ఆవర్తనం మొదలుకాగానే హాలులో మూడోవంతు మంది లేచారు. మృదంగం వాయించే ఆ యువకుడు తల ఎత్తి కూడా చూడలేదు. ఇక్కడ వాయించేవారికి అది అలవాటే. మిశ్రనడకలో ఆయన వేసిన ఒక ముక్తాయింపు మాత్రం లేచి గుమ్మం దాకా వెళ్లినవారిలో కొందరిని అక్కడే నిలబెట్టింది. బావగారు తొడ మీద తాళం వేస్తూ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, చెయ్యి వాల్చి, మొదటిసారిగా "భేష్" అన్నారు.

వెనుక వరుసల్లో నోటుపుస్తకాలతో కూర్చున్నవారు శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల విద్యార్థులు. దేవస్థానం వారు 1959లో స్థాపించిన ఆ కళాశాలలో గాత్రం, వీణ, వయొలిను, వేణువు, మృదంగం మొదలుకొని హరికథ, కూచిపూడి దాకా నేర్పుతారు. నెదునూరివారు కూడా కొంతకాలం ఇక్కడి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. హాలులో తప్పు పట్టగల చెవులు ఉన్నాయని పాడేవారికి తెలిసేది ఈ పిల్లల వల్లనే. ముందు వరుసల్లో భక్తి, వెనుక వరుసల్లో పరీక్ష, పాడేవారు రెండింటికీ ఒకేసారి సమాధానం చెప్పాలి. చెన్నై సభలో శ్రోతలందరూ ఇంచుమించు ఒకే చదువు చదువుకొన్నవారు. ఇక్కడ అలా కాదు. తమిళుల పెరటాసి నెల శనివారాల రద్దీలో తమిళ యాత్రికులు వచ్చి కూర్చున్నారంటే లెక్క మళ్లీ మారుతుంది. ఆలాపనకు తల ఊపేవారు పెరుగుతారు, సాహిత్యానికి కళ్లు తుడుచుకొనేవారు తగ్గుతారు. అనుభవం ఉన్న గాయకులు మొదటి పాటకే ఆ తేడా పసిగట్టి, ముందు అనుకొన్న వరుసను వేదిక మీదనే మార్చుకుంటారు.

కచేరీ అయ్యాక నడుస్తూ మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగాము. నూనెలో నుంచి తీసిన బజ్జీని నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు బండి అతను. అంతవరకు మౌనంగా ఉన్న బావగారు అక్కడ వాదన మొదలుపెట్టారు. భక్తుల మెప్పు కోసం రాగాన్ని కుదించడం సంగీతానికి నష్టమేనని ఆయన పట్టు. కుదించడమెక్కడిది, వినేవారిని బట్టి కచేరీ నడకను మార్చుకోవడమే కదా అని నేను. ఊరేగింపులో వాహనం కదిలిందని రాగాన్ని మడిచిపెట్టే నాదస్వర విద్వాంసుడిని అడగండి బావా, అన్నాను. "అది వేరు, ఇది వేరు" అన్నారు గాని, ఎందుకు వేరో చెప్పబోయి బజ్జీ కారం నషాళానికెక్కి నీళ్లు అడిగారు.

కచేరీకి వచ్చినవారు పాడేవారితో కలిసిపోయే సందర్భాలు కూడా ఈ ఊళ్లో ఉన్నాయి. త్యాగరాజ మండపంలో ఉత్సవ కమిటీ వారు త్యాగరాజ ఉత్సవాలు జరుపుతారు. ఆ కమిటీ ఇచ్చే ‘సప్తగిరి సంగీత విద్వన్మణి’ బిరుదుకు కర్ణాటక సంగీత లోకంలో మంచి గౌరవం ఉంది. అన్నమయ్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు వస్తుంది. ఆ సందర్భంలో అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం జరుగుతుంది, కళాకారులు సప్తగిరి సంకీర్తనలను గోష్ఠిగా గానం చేస్తారు. తిరువయ్యారులో పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే పద్ధతి ఎటువంటిదో ఈ ఏడు సంకీర్తనల గోష్ఠి కూడా అటువంటిదే. కొండ మెట్లెక్కడానికి వచ్చినవారు, చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడి, తెలిసిన పల్లవి వచ్చినప్పుడు గొంతు కలుపుతారు. శ్రుతి గురించి పట్టింపు ఉన్నవారు కొంచెం దూరంగా నిలబడడం మంచిది.

ఎవరైనా ఇవన్నీ చూడాలనుకొని వస్తే, వైశాఖ పౌర్ణమికి వచ్చే అన్నమయ్య జయంతి ప్రాంతం అనువైనది. గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు కూడా ఇంచుమించు ఆ కాలానివే కాబట్టి, కాస్త వెనుకాముందుగా చూసుకొంటే వీధిలో నాదస్వరం, హాలులో సంకీర్తన రెండూ దొరుకుతాయి. ఎండ మాత్రం భరించాలి. కళామందిరంలో స్పీకర్లకు దూరంగా, విద్యార్థులు కూర్చొనే వైపు చోటు చూసుకొంటే వయొలిను కొంతైనా వినబడుతుంది. బావగారు ఈసారి అక్కతో కలిసి ఫాల్గుణంలో వస్తామన్నారు. మెట్లోత్సవానికి తీసుకువెళ్లమని అడిగింది మాత్రం అక్క.